గోడ మీద వీధి

"ఇదొక్క అట్ట అంటిస్తే గదంతా చీకటైపోతుంది. కదలకక్కా," అన్నాడు తమ్ముడు కిటికీ దగ్గర స్టూలెక్కి.

"కదలమన్నా కదల్లేను కదరా," అంది అక్క.

మెట్ల మీంచి పడి నడుం విరిగినప్పటి నుంచి ఆమెకు ఆ కిటికీయే లోకం. 'నీకోసమే' అంటూ వాడు దాన్నే మూసేస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు.

గోడ మీద సినిమా చూపించడానికి వాడు చేసిన మిషను అది: అట్టపెట్టెలో పాత ఫోను తెర, దాని వెనక పెద్ద బల్బు, ముందు భూతద్దం. బల్బు వెయ్యగానే గోడ మీద తెల్లటి చదరం పడింది. బొమ్మ మాత్రం లేదు.

"చచ్చాం! తెర వెనకున్న కాగితాలతోపాటు బొమ్మ కనబడేలా చేసే పొర కూడా పీకేశాను," అంటూ తమ్ముడు నెత్తి కొట్టుకుని బల్బు ఆర్పేశాడు.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక అక్క గోడకేసి తేరిపార చూసింది. గోడ మీద ఎవరో తలకిందులుగా సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు.

"ఒరేయ్, నీ మిషను పనిచేస్తోందిరా!"

"ఆర్పేశాను కదక్కా!" వాడు వెనక్కి తిరిగాడు. కిటికీ అట్టకున్న చిన్న చిల్లులోంచి వెలుతురుతోపాటు వీధి కూడా లోపలికొస్తోంది. "ఉండు, అదీ మూసేస్తా."

"మూయకురా. ఎదురింటి పాప బడి నుంచి వచ్చే వేళయింది. రోజూ నాకు చెయ్యూపుతుంది."

గోడ మీద ఓ చిన్న ఆకారం ఆగింది. చెయ్యి ఊపింది. కాసేపు అలాగే నిలబడి, చెయ్యి దించేసి కదిలింది.

తమ్ముడు ఒక్క ఉదుటున స్టూలెక్కి అట్టను చింపేశాడు.

"కేకెయ్యక్కా, గట్టిగా కేకెయ్యి! వెళ్లిపోతోంది!"