నిలువెత్తు బెల్లం

మెడ నరం నొప్పి తగ్గితే తన బరువుకు సరితూగే నిలువెత్తు బెల్లం ఇస్తానని ఓదెమ్మ సమ్మక్క తల్లికి మొక్కుకుంది. తలతో సహా ఒంటి బరువును తానే మోసే తేలిక చొక్కా రవిక మీద తొడుక్కున్న రోజే ఆ నొప్పి మాయమైంది. ఆరేళ్లుగా ఊరంతా అవే చొక్కాలు, పడుకున్నా విప్పరు.

ఇన్నాళ్లకు మొక్కు తీర్చుకోవడానికి జాతరలో కాంటా ఎక్కితే ముల్లు కదలలేదు.

"తల్లికి దొంగ తూకం పెడ్తవా అక్కా? చొక్కా ఇప్పు," అన్నాడు బెల్లం కొట్టాయన.

ఓదెమ్మ విప్పింది. తల ఒక్కసారిగా రొమ్ము మీదికి వాలిపోయింది. పక్కనున్న భర్త రాజీరు రెండు చేతులతో గడ్డం పట్టి ఎత్తాడు.

"నొప్పి లేసిందా?"

"నొప్పి లేదు. తలకాయే నిలుస్తలేదు."

కొట్టాయన ముల్లు వైపే చూస్తున్నాడు. "నువ్వు చేతులు తియ్యి బావా, అసలు తూకం అప్పుడే తెలుస్తది."

వెనక వరుసలో చొక్కాలు విప్పబోతున్న చేతులన్నీ ఆగిపోయాయి.