సారవ్వ దాచిన సెకండ్ హాఫ్

ఇలా దగ్గరికి జరగండి బిడ్డల్లారా, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. గోదావరిఖని క్వార్టర్లలో ఒక ఆదివారం మధ్యాహ్నం సారవ్వ గుండె గొంతులోకి ఎలా వచ్చిందో, మళ్ళీ తన చోటికి ఎలా పోయిందో చెబుతాను.

"అవ్వా, రెండో సీడీ ఏది? డబ్బల ఒక్కటే ఉన్నది!"

మనుమరాలు హర్షిణి వంటింటి గడపలో నిలబడి అడిగింది. తాత లింగమూర్తికి ప్రాణమైన పాత సినిమా అని కరీంనగర్ నుంచి వెతికి తెచ్చింది పిల్ల. అప్పట్లో ఒక్కో సినిమా రెండు సీడీల్లో వచ్చేది. ఇంటర్వెల్ దాకా ఒకటి, మిగిలింది ఇంకోదాంట్లో. ముందు గదిలో మొదటిది నడుస్తోంది. లింగమూర్తి, ఆయనతో బొగ్గుబాయిలో పనిచేసిన కొమురెల్లి మంచం మీద కూర్చుని, హీరో కనబడ్డప్పుడల్లా ఈలలు వేస్తున్నారు. ఇద్దరికీ కలిపి పళ్ళు ఇరవై ఉంటాయో లేదో, ఈలలు మాత్రం నేల క్లాసువే. లింగమూర్తి అయితే ఉన్న నాలుగు వెంట్రుకలనూ ఇవ్వాళ్టికీ ఆ హీరోలాగే ఎగదువ్వుతాడు.

సారవ్వ పొయ్యి దిక్కు తిరిగి సర్వపిండి గిన్నె మీద మూత సర్దింది.

"అవ్వా! నీ కొంగుల ఏందది మెరుస్తున్నది?"

"మెల్లగ!" సారవ్వ పిల్ల చెయ్యి పట్టి లోపలికి లాగింది. "ఈ సీడీ పెట్టొద్దు బిడ్డ, నీ కాల్మొక్త."

"ఏమైందవ్వా?"

"నీ తాత గీ సినిమా ఇంటర్వెల్ దాకనే చూసిండు. రెండో షిఫ్టు డ్యూటీ ఉండె, నన్ను హాల్ల కూసోబెట్టి ఉరికిండు. గా దినమే బాయిల పైకప్పు కూలి కాలు పాయె. దవాఖానల గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. తిండి లేదు, మాట లేదు. నాలుగో నాడు ఒక్కటే అడిగిండు, ఇంటర్వెల్ అయినంక హీరో ఏమైండే అని."

"ఏమైండు?"

"ఆ హీరోకు గూడ కాలు పోతది. ఏట్ల దుంకి సస్తడు. మంచంల ఉన్న మొగనికి గదెట్ల చెప్పాలె? కట్టెకాలు పెట్టుకున్నడు, లేశిండు, దుకాణం తెరిశిండు, హీరోయిన్ను చేసుకున్నడు, ఇద్దరు పిల్లలు గూడ అయిండ్రు అని చెప్పిన."

హర్షిణికి నవ్వు ఆగలేదు. "ఇద్దరు పిల్లలా!"

"నవ్వకు! గా పూటనే గంజి తాగిండు. కట్టెకాలు పెట్టుకుని, బాయిల దిగెటోళ్ళకు దీపాలిచ్చే ల్యాంపు రూముల ఇరవై ఏండ్లు డ్యూటీ చేసిండు. ఎవలికి దెబ్బ తాకినా దవాఖానకు పోయి గీ కథనే చెప్పి లేపుతడు. అంత ఉత్తదే అని ఇప్పుడు తెలిస్తే? మళ్ళ గోడ దిక్కు తిరుగుతడు బిడ్డ."

పిల్ల నవ్వు ఆగిపోయింది.

ముందు గదిలో పాట ఆగింది. "హర్షిణీ, ఇంటర్వెల్ అయ్యింది, సీడీ మార్చు!" లింగమూర్తి కేకేశాడు.

"తాతా, దుకాణపాయన ఒక్కటే పెట్టిండు!" రెప్పపాటులో అబద్ధమాడింది పిల్ల. అవ్వ రక్తం ఎక్కడికి పోతుంది!

"పోతె పోనీ," కొమురెల్లి కాళ్ళు చాపాడు. "నాకు కథ ఎరుకేగ. ఆఖర్ల హీరో ఏం చేస్తడంటె..."

సారవ్వ ఒక్క ఉరుకున వచ్చి వేడివేడి సర్వపిండి ముక్క ఆయన నోట్లో కుక్కింది. "తిను కొమురెల్లన్నా, సల్లారుతది!"

ఆ ఊపుకి కొంగు జారింది. సీడీ కింద పడి, గిర్రున దొర్లి, లింగమూర్తి కట్టెకాలికి టక్కున తగిలి ఆగింది.

ఆయన వంగి తీశాడు. "గిదేందే?"

సారవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పెట్టకు. ఆ హీరో సస్తడు. కట్టెకాలు లేదు, దుకాణం లేదు. గిన్నేండ్లు నీకు అబద్ధం చెప్పిన."

లింగమూర్తి సీడీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"గిందుకా ఏడుస్తున్నవ్? వాడు సస్తడని నాకు అప్పుడే ఎరుక. పెండ్లికి ముందే మంచిర్యాలల నేను, కొమురెల్లి మూడుసార్లు చూసినం. నీకు చూపెడుదామని మళ్ళ పట్టుకపోయిన."

కొమురెల్లి ఉఫ్ ఉఫ్ అని నాలుక చల్లార్చుకున్నాడు. "నేను గూడ 'ఇద్దరు పిల్లలు' అనబోతున్న చెల్లె! నోరు కాల్చితివి గద!"

సారవ్వ మొగుడి ముఖంలోకే చూసింది. "ఎరుకైతే దవాఖానల నన్నెందుకు అడిగినవు?"

"నేను గూడ గోదాట్ల దుంకుదామనుకున్న. నీ నోటితోని ఆడు సచ్చిండు అంటె, ఇంక నేను గూడ పోదామని అడిగిన. నువ్వేమో ఆన్ని బతికించి, పెండ్లి చేసి, ఇద్దరు పిల్లల్ని గూడ ఇస్తివి. ఇంక నేనెట్ల సస్తనే?"

ఈ ముచ్చట మరచిపోకండి బిడ్డల్లారా. గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళు ఎక్కడైనా కనబడితే పక్కన కూర్చుని చెప్పండి. పిల్లలు ముగ్గురని చెప్పినా తప్పులేదు.