మొండికేసిన సర్వర్

“ఫెయిలైన మందును పాసైందని నేను రాయ సార్.” ల్యాబ్‌లో పరీక్షలు చేసే ప్రేమలత మేనేజర్ గదిలో చేతులు కట్టుకుని నిలబడింది.

“నువ్వు రాయకు. నీ పాస్‌వర్డ్ నాకెరికే, నేనే రాస్త,” అన్నాడు ప్లాంట్ మేనేజర్. “రేపు ఎవడన్న అడిగితే నీ పేరే ఉంటది.”

అది పిల్లల జ్వరం సిరప్. పాశమైలారం ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ నిండి ఉంది. కంప్యూటర్లో రిజల్టు మారితే తప్ప గేటు తెరుచుకోదు.

మేనేజర్ మీట నొక్కాడు. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. మళ్లీ నొక్కాడు. అవే అక్షరాలు.

సర్వర్లు చూసే నవీన్‌ను పిలిపించాడు. “ఏందయ్యా, సర్వర్ సచ్చిందా?”

“బతికే ఉన్నది సార్. ఉన్నవా అని పింగ్ కొడితే పలుకుతుంది. డేటాబేస్ గూడ నడుస్తుంది. కేబుల్ మార్చిన, స్విచ్ మార్చిన. బయటికెల్లి ఎవరు పోయినా లోపలికి రానిస్తలేదు.”

“ఎప్పటికైతది?”

“రేపు పొద్దుగాల దాకా టైమియ్యిండ్రి.”

“లారీ నాలుగింటికి పోవాలె! ఇంకో తొవ్వ లేదా?”

నవీన్ తల గోక్కున్నాడు. “ఉన్నది గని, సర్వర్ గదిల దాని ముంగటనే కూసొని కొట్టాలె. గాడ మస్తు సలి. మీకెందుకు పరేషాన్?”

“సలికి సస్తనా? నడువ్. ప్రేమలతా, నువ్వు పోయి క్యాంటీన్ల సల్లగ కూసో.”

ఆమె వెళ్లి కూర్చుంది. ఆ సీసాలు ఏ పిల్లల నోట్లో పడతాయో ఆమెకు తెలియదు. పడేది తన పేరుతోనని మాత్రం తెలుసు.

పావుగంటకు మేనేజర్ నవ్వుతూ వచ్చాడు. “చూసినవా? నువ్వు లేకున్నా నీ సంతకం ఐతది.” చేతులు రుద్దుకుంటూ గేటు వైపు నడిచాడు.

వెనకే వచ్చిన నవీన్ మీద ప్రేమలత విరుచుకుపడింది. “సిగ్గుండాలె తమ్మీ! తొవ్వ సూపినవ్ గద, ఇగ లారీ ఎన్క పోయి చెయ్యూపు.”

“లారీ కదలదక్కా. హెడ్డాఫీసోళ్లు ఇప్పుడే గేటుకు ఫోన్ చేసిన్రు.”

“వాళ్లా? మొన్న నేను మొత్తుకుంటే రుజువేదన్నరు గద!”

నవీన్ ఆమె ఎదురుగా కూర్చుని, రెండు చాయ్‌లు చెప్పాడు.

“సార్ రూమ్‌ల కెమెరా లేదు, సర్వర్ గదిల ఉన్నది, అది హెడ్డాఫీసుల గూడ కనవడ్తది. అందుకే బయటి తొవ్వ పొద్దుగాల్నే నేనే మూసేసిన.”