పదకొండు ఛాతీలు

పదకొండు కవర్లు చంకలో పెట్టుకుని అబిడ్స్ నుంచి నాంపల్లికి నడుస్తున్నాడు దుర్గయ్య. ఒక్కో కవరులో ఒక్కో ఎక్స్‌రే ఫోటో. కవరు మీద ఒక కార్మికుడి పేరు, పక్కన వేలిముద్ర. బరువేం లేదు. అయినా చచ్చిన ఎలుకను మోస్తున్నట్టు ఉంది. దారిలో రెండుసార్లు ఉమ్మాడు. ఒంటి మీది చొక్కా కూడా రోతగా ఉంది.

అతను ఆస్బెస్టాస్ రేకుల కంపెనీలో ప్యూను. ఫ్యాక్టరీ ఊరి బయట. ఆఫీసు అబిడ్స్‌లో. పోయిన జనవరిలో ఆ ఫోటోలు తీయించిందీ, ఆఫీసుకు మోసుకొచ్చిందీ అతనే.

కార్మిక నష్టపరిహార కమిషనర్ కచేరీ వరండాలో మొగులయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పద్నాలుగేళ్లు ఫ్యాక్టరీలో రేకుల్లో కలిపే రాతినార బస్తాలు కోసి, దులిపి, ఆ దుమ్ములోనే సద్ది తిన్నవాడు. అతనూ మరో పదిమందీ కంపెనీ మీద కేసు వేశారు. ఇవాళ ఆఖరి వాయిదా. గెలిస్తే పెళ్లాం పిల్లలకు ఇంత ఆధారం. ఓడితే దగ్గి దగ్గి పోవడమే.

"ఏంది దుర్గన్నా, మా చావు కాయితాలు తెచ్చినవా?" అని నవ్వబోయాడు మొగులయ్య. నవ్వు దగ్గయింది. రుమాల్లో ఉమ్మి, ఎవరూ చూడకుండా మడిచాడు.

"జర నీళ్లు తాగరాదె," అన్నాడు దుర్గయ్య మొహం తిప్పుకుని.

లోపల కంపెనీ వకీలు లక్ష్మణరావు నోటి నిండా కిళ్లీ. కవర్లు లాక్కుని, "ఇక నువ్వెళ్లవయ్యా," అన్నాడు.

దుర్గయ్య వెళ్లలేదు. తలుపు పక్కన నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా ఎడమ పక్కకు పోయింది. వయసులో ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ చేసేటప్పుడు బెల్లం బస్తా మీద పడిన చోటు అది. చలికాలం ఇప్పటికీ సలుపుతుంది.

కేసు పిలిచాక మొగులయ్యా మిగతావాళ్లూ లోపలికొచ్చి కూర్చున్నారు. లక్ష్మణరావు ఒక్కో ఫోటో తీసి, కమిషనర్‌కు కనబడేలా కిటికీ వెలుతురుకు పట్టాడు.

"చూడండి సార్. కడిగిన పళ్లెంలా ఉన్నాయి ఊపిరితిత్తులు. ఆ దగ్గు బీడీలది. మా దుమ్ముది కాదు."

కిళ్లీ రసం పెదవి మూల నుంచి కారింది. నాలుకతో లోపలికి లాక్కున్నాడు.

మొగులయ్య లేచాడు. "బీడీ నేను ముట్టనే ముట్ట సారూ. గా ఫోటో నాది కాదు. మాకు ఫోటోనే తియ్యలే. ఫోటోకు అబిడ్స్ పోతే దినం కూలి పోతదని, గేటు కాడనే కవర్ల మీద వేలిముద్రలు పెట్టించుకున్నరు. మేం గూడ మంచిగనే అయిందనుకున్నం."

"చూశారా సార్, పదకొండు మందీ ఇదే పాఠం అప్పజెబుతారు," అని పకపకా నవ్వాడు లక్ష్మణరావు.

కార్మికుల వకీలు వామన్‌రావు ఫైలు తిరగేశాడు. చూపించడానికి అతని దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

"నీది కాకపోతే మరి ఎవరిదయ్యా?" అన్నాడు కమిషనర్.

మొగులయ్య నోరు తెరిచాడు. దగ్గే వచ్చింది. కమిషనర్ కలం మూత తీశాడు.

"సారూ, జర ఆగున్రి."

దుర్గయ్య బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏయ్, నిన్ను పొమ్మన్నానా లేదా?" లక్ష్మణరావు కసిరాడు.

దుర్గయ్య వినిపించుకోలేదు. మొదటి ఫోటో ఎత్తి పట్టి, ఒక పక్కటెముక మీద వేలు పెట్టాడు. అక్కడ తెల్లగా చిన్న ముడి. విరిగి అతుక్కున్న గుర్తు. రెండో ఫోటో ఎత్తాడు. అక్కడే ముడి. మూడోది, నాలుగోది. కమిషనర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. లక్ష్మణరావు నమలడం ఆపాడు.

పదకొండో ఫోటో మీద నుంచి వేలు తీసి, దుర్గయ్య చొక్కా గుండీలు విప్పి, అదే వేలిని తన ఎడమ పక్కటెముక మీది ముడి మీద పెట్టాడు.