పైకి చదవాల్సిన ఉత్తరం

మూడో వరస దగ్గర ఏసుమణి గొంతు ఆగిపోయింది.

మొదటి రెండు వరసలూ గడగడా చదివేసింది. ‘రెబెక్కకు జకరయ్య వ్రాయునది, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.’ మద్రాసు నుంచి వచ్చే ప్రతి ఉత్తరమూ ఇట్లాగే మొదలవుతుంది. కళ్ళు మూసుకొని కూడా చెప్పగలదు.

మూడో వరస మాత్రం ఎప్పటిలా లేదు. వాళ్ళ నాయన అక్కడ ఇంకో మనిషితో కాపురం పెట్టాడట. బిడ్డ కూడా పుట్టిందట. ఇక తనకోసం చూడొద్దనీ, ఈ అడ్రసుకు ఉత్తరాలు రాయొద్దనీ రాశాడు.

“ఏమ్మే, ఆగినావే?” అంది రెబెక్కమ్మ. అరుగు మీద కూతురి వెనకనే కూర్చొని, దాని భుజం మీదుగా వంగి జడ అల్లుతోంది. ఏసుమణి తల తిప్పబోతే, “తల తిప్పబాక, పాయ జారిపోద్ది. పైకి చదువు” అంది.

జకరయ్య హార్బరులో మూటలు మోసే పనికి పోయి రెండేళ్ళయింది. ముత్తుకూరు అవతల సముద్రం పక్కనున్న ఆ పల్లెకు అతని ఉత్తరం వస్తే చదివేది ఏసుమణే. నాలుగో తరగతి పిల్ల అయితేనేం, ఆ ఇంటికి మునసబూ అదే, కరణమూ అదే. ‘నాకు అక్షరం ముక్క రాదు తల్లీ’ అని రెబెక్కమ్మ బైబిలు కూడా కూతురి చేతనే చదివించుకుంటుంది. గుడి గోడ మీద అంటించిన కాగితం, శెనగలు కట్టిన పొట్లం, ఏది కనిపించినా ఇందులో ఏముందో చెప్పమంటుంది. పిల్ల తడబడితే, ‘అతకలేదే, మళ్ళీ చూడు’ అంటుంది. అది సరిగ్గా చదివేదాకా వదలదు.

రెండో తరగతిలో గుణింతాలు పలకలేక పలక విసిరికొట్టి ఏడ్చిన పిల్ల ఇది. అమ్మకు రాదు కాబట్టి తను నేర్చుకోక తప్పలేదు. నేర్చుకుంది. నేర్చుకుంటే ఇంత కష్టం వచ్చిపడుతుందని మాత్రం దానికెవరూ చెప్పలేదు పాపం.

కాగితం మీది అక్షరాలు కాగితం మీదే ఉన్నాయి. ఏసుమణి నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

“క్రిస్మసుకు వస్తాను. నీకు చీర, అమ్మాయికి గవును తెస్తాను.”

జడ అల్లుతున్న చేతులు ఆగాయి.

“మళ్ళీ చదువు,” అంది రెబెక్కమ్మ మెల్లగా.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ విద్య ఎక్కడిది? రెండోసారి చదివేటప్పటికి గవునుకు పూలొచ్చాయి. చీర మాట మరిచేపోయింది. పట్టుబడిపోయాననుకొని బిగుసుకుపోయింది. అమ్మ ఏమీ అడగలేదు. “సంతోషం,” అని మాత్రం అని, జడను తల నొప్పి పుట్టేంత బిగువుగా వేసి ముడివేసింది.

ఆ మర్నాటినుంచి ఇంట్లో పండగ పనులు మొదలయ్యాయి. రెబెక్కమ్మ గుల్లసున్నం తెచ్చి గోడలకు కొట్టింది. చిరుగుచాపకు అంచు కుట్టింది. ఒక కార్డు తెప్పించి, తాను చెబుతూ కూతురి చేత రాయించింది. ‘మీకోసం కనిపెట్టుకొని ఉంటాము. తప్పక రండి.’ గుండ్రంగా రాయమని, మీ నాయన చూసి మురిసిపోవాలని పక్కనే కూర్చొని చెప్పింది. ఏసుమణి గుండ్రంగానే రాసింది. రాసి, పోస్టుమాను పోలేరయ్యకిస్తానని చెప్పి, వాచకంలో దాచేసింది. ఎవరికని పంపుతుంది?

అమ్మ అన్నం సగంలో వదిలేసి లేస్తుంటే, నాయన వస్తున్నాడన్న సంబరమే అనుకుంది. ఆ సంబరం చూసిన కొద్దీ దానికి ఏడుపొచ్చేది. చెబితే అమ్మ గుండె ఇప్పుడే పగులుతుంది. చెప్పకపోతే పండగనాడు బస్సుకెదురుపోయి నిలబడి అక్కడ పగులుతుంది. ఏ దారిన పోయినా పగిలేది అదే గుండె. కక్కలేక మింగలేక పిల్ల పుల్లలా అయిపోయింది.

పండగ ఇంకా పది రోజులుందనగా ఇక తట్టుకోలేకపోయింది. బడి వదిలాక అందరూ వెళ్ళేదాకా ఆగి, మగ్దలీనమ్మ టీచరు దగ్గరకు పోయింది. రెండో తరగతిలో దాన్ని చూసి ఈ పిల్లకు చదువెట్లా వస్తుందా అని దిగులుపడి, ఇంటికొచ్చి తల్లితో మాట్లాడిపోయిన టీచరు ఆమే. ఏసుమణి జాకెట్టులోంచి చెమటకు మెత్తబడిన ఆ ఇన్లాండు ఉత్తరం తీసి ఆమె చేతికిచ్చింది. తను ఆడిన అబద్ధమంతా చెప్పుకుంది.

“మా అమ్మకు చదువు రాదు గదా టీచరమ్మా. నాకు చదివేదానికి నోరు రాలేదు. మీరన్నా ఇంటికొచ్చి నెమ్మదిగా చదివి చెప్పండి.”

మగ్దలీనమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. మడిచి బల్లమీద పెట్టింది. పిల్లను దగ్గరకు లాక్కొని, తలమీద చెయ్యి వేసింది.

చివరికి అంది: “మీ అమ్మ మిషను బోర్డింగు బడిలో నా పక్కన కూర్చొని ఎనిమిదో తరగతి దాకా చదివింది తల్లీ; నీకు చదువబ్బాలంటే నీ ముందర అక్షరం రానిదాని మాదిరి ఉండమని రెండేండ్ల కిందట నేనే చెప్పినాను.”