పక్కింటి మాట

పక్షవాతం వచ్చాక మహాంతప్పకు మాటలు తారుమారయ్యాయి.

"ఇదేంటి అజ్జా?" డాక్టరమ్మ అక్షత చందమామ బొమ్మ చూపించింది.

"సూర్యుడు."

రొట్టె చూపిస్తే జొన్నలన్నాడు. మగ్గం చూపిస్తే నూలన్నాడు. జన్మంతా ఇలకల్లు చీరలు నేసిన మనిషి పడుగును పేక అంటుంటే భార్య శాంతవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దిగులు పడకండి అజ్జీ," అంది అక్షత. కన్నడం మాట్లాడేవాళ్ళ తలల్లో ఏ మాట పక్కన ఏ మాట ఉంటుందో తెలుసుకోవడమే ఆమె చదువు. "మాటలు ఇరుగుపొరుగు ఇళ్ళలా ఉంటాయి. అజ్జ ఒక తలుపు కొడితే పక్కింటివాళ్ళు పలుకుతున్నారు. అంతే."

తర్వాత శాంతవ్వను చూపించింది. "ఈవిడెవరు?"

మహాంతప్ప పెళ్ళాన్ని తేరిపార చూశాడు. మాట కోసం పెదవులు పెనుగులాడాయి.

"బనవ్వ."

పక్క మంచం రోగి భార్య యల్లవ్వ కిసుక్కున నవ్వింది. "మగాడి గుట్టు నాలుక పట్టు తప్పితేగాని బయటపడదు! ఎవతె అక్కా అది?"

శాంతవ్వ ముఖం పాలిపోయింది.

"కాదజ్జా, శాంతవ్వ. అనండి, శాం..."

"బనవ్వ," అన్నాడాయన మళ్ళీ. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

అక్షత ఇబ్బందిపడింది. "ఏమనుకోకండి అజ్జీ. ఏదో నోటికొచ్చిన పేరు."

"పక్కనున్న మాటే వస్తుందన్నావుగా తల్లీ." శాంతవ్వ మొగుడి వైపే చూస్తోంది. "అంటే, నా పేరు పక్కనే పెట్టుకున్నాడా దాన్ని?"

అక్షత బొమ్మలు పక్కన పెట్టింది.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ నా ముందు ఆ పేరెత్తలేదు. మరిచిపోయాడనే అనుకున్నా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయామెకు.

యల్లవ్వ నవ్వు ఆగిపోయింది. "ఊరుకో అక్కా. ఈ వయసులో ఇంకా ఆ గొడవెందుకు?"

శాంతవ్వ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నారు. ఆమె మంచం అంచున కూర్చుని, మొగుడి చచ్చుబడిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

అక్షత మళ్ళీ "శాం..." అనబోతే ఆపింది.

"ఆ ఒక్కటీ దిద్దకు తల్లీ." మొగుడి మీదికి వంగింది. "ఇంకోసారి అను."

"బనవ్వ."

నెలలు నిండి పుట్టి, ఒక్కసారైనా ఏడవకుండానే పోయిన తమ పాప చెవిలో, మట్టిలో పెట్టే ముందు ఆయన చెప్పిన పేరది.