జనాభా: ఇద్దరు

“మళ్ళీ ‘వాజ్’ రాశావు!” బహారిన్ కంప్యూటర్ తెర మీద వేలితో టకటకా కొట్టాడు. “నేనింకా చావలేదే పిచ్చిదానా! ‘ఈజ్’ అని రాయి.”

రొహాయా నాలిక కరుచుకుంది. “అయ్యో, చూసుకోలేదు అబాంగ్,” అంది భర్తని ముద్దుగా పిలుస్తూ.

“నలుగురు పిల్లలకి ఇంగ్లీషు వ్యాకరణం చెప్పుకుని బతికినదానివి. మూడు నెలల్నుంచీ ఇదే తప్పా?”

“మన మలయ్ మాటలకి కాలాలెక్కడున్నాయి? నిన్న తిన్నా మకానే, రేపు తిన్నా మకానే. చెయ్యి అలా పోతోంది.” నవ్వుతూ ఒక వేయించిన అరటిపండు ముక్క భర్త నోటికి అందించింది.

వాళ్ళకి పెళ్ళయి మూడు నెలలే. ఇల్లు సముద్రం మధ్యలో, పొడుగాటి గుంజల మీద నిలబెట్టిన పాత చేపల మంచె. రొయ్యల సంబల్ పచ్చడి సీసాలమ్మి లక్షాధికారి అయిన బహారిన్ దాన్ని కొని, తెరెంగాను అనే మలయ్ తీరంలో ఎవరికీ చెప్పకుండా ఒక దేశంగా ప్రకటించుకున్నాడు. పేరు కరాంగ్ మాస్. దేశానికి జెండా ఉంది, రబ్బరు ముద్ర ఉంది. పెళ్ళి రోజు ఆ ముద్ర రొహాయా అరచేతిలో వేసి పౌరసత్వం ఇచ్చాడు. ఆమె రెండు రోజులు చెయ్యి కడుక్కోకుండా మురిసిపోయింది. ఇక్కడ ఆమెకి అన్నీ ముద్దుగానే ఉన్నాయి. చెక్కల సందుల్లోంచి పైకి కొట్టే ఉప్పుగాలి, కింద గుంజల్ని తట్టే అలల చప్పుడు, సరుకుల పడవ వచ్చే వారపు రోజు.

ఇక ఆయనకి మిగిలిన కోరిక ఒక్కటే. ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో తనకీ, తన దేశానికీ ఒక వ్యాసం. ముందు అభ్యాసపు పేజీలో రాసి చెయ్యి తిప్పుకుంటే, తర్వాత అసలు పేజీకి ఎక్కించవచ్చు. ఆ పని భార్యకి అప్పగించాడు.

“‘దూరదృష్టి గల మహా నాయకుడు’ ఏది? తీసేశావా?”

“పొగడ్తలు వద్దంటారు అబాంగ్. రాసిన ప్రతి మాటకీ ఆధారం చూపించాలట.”

“సరే, ‘జనాభా: ఇద్దరు’ అని పెట్టావుగా. అది బాగుంది.”

రొహాయా కాస్త దగ్గరికి జరిగింది. “ఒక్క వాక్యం చేర్చనా? ‘ఈ సంబల్ వంటకం కల్సోమ్ అనే ఆవిడది’ అని. అంతే. ఇంకేం అడగను.”

బహారిన్ నమలడం ఆపాడు. “మళ్ళీ మీ అమ్మ గోలేనా?”

“మా అమ్మ చేత్తో చేసిందే కదా మీరు మొదట అమ్మింది.”

“మీ అమ్మ నా షెడ్డులో మిరపకాయలు దంచింది. దంచితే కంపెనీ స్థాపించినట్టా?” పకపకా నవ్వాడు. “ఆధారం ఏది సాయాంగ్, నా బంగారం? ఏ పేపర్లో వచ్చింది? ఆవిడ దగ్గీ దగ్గీ పోయినప్పుడు నేను సీసాల పెట్టె పంపించాను చూడు, అది కూడా ఎక్కువే.”

అవును, పంపించాడు. పన్నెండు సీసాలు. మూతల మీద పన్నెండు బహారిన్ ముఖాలు.

“సరే అబాంగ్, రాయను,” అంది రొహాయా, ఆయన గడ్డానికంటిన అరటిపండు తునక తుడుస్తూ.

నాలుగైంది. రోజూ ఆ వేళకి సరిహద్దు గస్తీ. అంటే, దేశం చుట్టూ ఆయన ఒక చుట్టు ఈదడం. తాడు నిచ్చెన మీద కాలు పెట్టి విసుక్కున్నాడు. “చూడు, ఎలా నాచు పట్టిందో! పొద్దున జారిపడబోయాను. కడగమని ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఇవాళ తప్పకుండా కడుగుతాను.”

ఆయన దిగాడు. నీళ్ళ చప్పుడు మంచె వెనక్కి సాగింది. రొహాయా నిచ్చెనని పైకి లాగి, కొబ్బరి పీచుతో మెట్టు మెట్టూ రుద్ది, మంచినీళ్ళు పోసి, జెండా కర్రకి ఆరేసింది. పని బాగా కుదిరినందుకు చేతులు నడుముకి ఆనించి కాసేపు మురిపెంగా చూసుకుంది. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

“రొహాయా! నిచ్చెనేదీ?” కింద నుంచి కేక.

“ఆరుతోందబాంగ్!”

“వేళాకోళం చాలు! ముందు కిందికి వెయ్యి!”

గుంజలకి కరుచుకున్న గుల్లలు కత్తుల్లా ఉంటాయి. కొత్తగా వచ్చిన రోజు ఒకసారి ముట్టుకుంటేనే ఆమె వేలు తెగింది. వాటిని పట్టుకుని ఎవరూ పైకి ఎక్కలేరు. పోటు తగ్గి, నీరు నడిసముద్రంలోకి లాగడం మొదలుపెట్టింది. సరుకుల పడవ ఎల్లుండిగానీ రాదు.

“ఏమే! చేతులు కోసుకుపోతున్నాయే!” కాసేపటికి గొంతు మారింది. “రొహాయా... అమ్మా... రాసుకో! మీ అమ్మ పేరు రాసుకో!”

ఆమె చెక్కల సందులోకి వంగి తియ్యగా అంది. “ఆధారం కావాలి కదా అబాంగ్?”

తర్వాత కేకలు కొంచెం దూరం నుంచి, ఆ తర్వాత ఇంకా దూరం నుంచి వినిపించాయి. రొహాయా చల్లారిన అరటిపండు తింటూ ‘జనాభా: ఇద్దరు’ దగ్గర ‘ఒకరు’ అని దిద్దింది. పైన మొదటి వాక్యంలో ‘ఈజ్’ చెరిపి, ఎప్పటిలాగే ‘వాజ్’ కొట్టింది.

రొహాయా ఒక్కనాడూ కాలం తప్పు రాయలేదు.